రాజలింగానికి బలం నాలుగు

మా తమ్ముడు మల్లేశ్ పెద్దకర్మ అయిన మర్నాడు, భోజనాలయ్యాక, మరదలు సుజాత నా ముందు రెండు వస్తువులు పెట్టింది. ఒకటి, పూలదండలు గుచ్చే దారంతో కట్టిన పాత కార్డుల కట్ట. రెండోది ఒక తెల్లకాగితం, దాని మీద పెన్ను. లాల్‌దర్వాజాలో మా గల్లీ చివర చిన్న అమ్మవారి గుడి, గుడి వెనక వసారా, వసారాను ఆనుకుని మా ఇల్లు. ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట నేను వదిలిపెట్టి వెళ్ళిన ఆ వసారాలోనే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"బావా, ఈ కట్ట ఆయన బీర్వాల దొరికింది. మీ ఇద్దరి చిన్నప్పటిదట. ఎన్నడు పారెయ్యనియ్యలె," అంది సుజాత. తెల్లకాగితం నా వైపు జరిపి, "శ్రావణికి పుణెల పెద్ద చదువుకు సీటొచ్చింది. పోవాల్నా, ఇక్కడనే ఉండి గుడి చూసుకోవాల్నా అని గుళ్ళె తల్లి ముందట చీటీలేద్దామనుకుంటున్న. మీరే రాయున్రి. అప్పుడు గూడ మీరే రాసిన్రట గదా. మా అన్న చేతిరాత ముత్యాల లెక్కుంటదని ఆయన మస్తు చెప్పుకునేటోడు," అంది.

శ్రావణి మల్లేశ్‌కు ఒక్కగానొక్క కూతురు. తండ్రికి ఒంట్లో బాగుండక ఈ రెండేళ్ళూ సాయంత్రం దీపం ఆ పిల్లే పెట్టింది. పిల్ల వెళ్ళిపోతే గుడి దాయాదుల చేతికి పోతుంది. ఉండిపోతే చదువు పోతుంది. నేను కాగితం వైపు చూడకుండా, "ముందు ఈ కట్ట చూస్తనమ్మా, తర్వాత రాస్త" అన్నాను. బతుకంతా రాయడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి. నవలలు రాశాను, పిల్లలకు పాఠాలు చెప్పాను, సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. రెండు చీటీలు రాయడానికి మాత్రం నా చెయ్యి లేవలేదు.

కట్టలో ఉన్నవన్నీ పెళ్ళికార్డులు. మా గల్లీలో ఎవరింట పెళ్ళి కుదిరినా మొదటి కార్డుకు మూలల్లో పసుపు రాసి అమ్మవారి పాదాల దగ్గర పెట్టేవారు. పెళ్ళిళ్ళు అయిపోయేవి, కార్డులు మా ఇంట్లో పేరుకునేవి. వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి మాకు నోటుపుస్తకాలు అవే. ఆ మాటకొస్తే మా ఇంట్లో ప్రతిదీ గుడి నుంచి వచ్చిందే. రోజూ కొట్టే కొబ్బరికాయల చిప్పలు గంపలకొద్దీ వచ్చేవి. పప్పులో కొబ్బరి, బీరకాయలో కొబ్బరి, చివరికి చారులో కూడా మా అమ్మ కొబ్బరి వేసేది. నాకు ఇప్పటికీ కొబ్బరి వాసన తగిలితే ఆకలి చచ్చిపోతుంది. కర్పూరం, వాడిన బంతిపూలు, నూనె తాగిన రాయి, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి మా బట్టలకు పట్టి ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్నవాళ్ళు "ప్రసాదం తెచ్చినవారా?" అని ఏడిపించేవారు. నేను సిగ్గుతో చచ్చేవాణ్ణి. మల్లేశ్ మాత్రం నిజంగానే జేబులోంచి కొబ్బరిముక్క తీసి పెట్టేవాడు.

ఇంటి పెత్తనం బాపుది కాదు, నాయనమ్మది. బాపు పూజారి. పూజ వేళ తప్ప గొంతు విప్పని మనిషి. షుగరు వచ్చి చూపు మందగించాక ఆ కాస్త మాట కూడా తగ్గింది. నాయనమ్మకు చదువు రాదు, అనుమానమూ లేదు. ఏది తేలకపోయినా "లొల్లి ఎందుకురా, తల్లినడుగుదాం" అనేది. అడగడమంటే చీటీలు వేయడం. మా మేనత్తకు ఏ సంబంధం చేయాలో, బాపు కళ్ళకు ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, వాకిట్లో జామచెట్టు ఉంచాలో కొట్టాలో, అన్నీ చీటీలే. ఎవరో ఒకరు రాసి మడత పెట్టాలి. వాటిని కుంకుమ పళ్ళెంలో వేసి అమ్మవారి ముందు పెట్టాలి. గల్లీలోంచి ఒక చిన్న ఆడపిల్లను పిలిచి ఒకటి తీయించాలి. తీసిన చీటీ విప్పి చదివాక రెండోదాన్ని ఎవరూ విప్పకూడదు. విప్పి చూస్తే తల్లిని అనుమానించినట్టు. ఆ చీటీని నిర్మాల్యంతో పాటు పురానాపూల్ దగ్గర మూసీలో వదలాలి. ఇది మా ఇంటి కట్టుబాటు. దీన్ని తప్పిన మనిషి మా వంశంలో లేడని నాయనమ్మ గొప్పగా చెప్పేది.

అలాంటి ఇంట్లోకి ఆ ఆట డేవిడ్ వల్ల వచ్చింది. డేవిడ్ వెనక గల్లీలో ఉండేవాడు, వాళ్ళ నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో వాడికి ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ముందు పేజీలు లేవు, అట్ట లేదు. గుహలు, కత్తులు, రాక్షసులు. కూర్చుని చదివే కథ కాదది, నలుగురు కూడి ఆడే కథ. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషై, నేను ఇలా చేస్తాను, అలా చేస్తాను అని నోటితో చెబుతారు. చేయగలిగారో లేదో పాచికలు తేలుస్తాయి. గుడి మధ్యాహ్నం పన్నెండింటికి మూసి నాలుగింటికి తీసేవారు. ఆ నాలుగు గంటలూ ఈ వసారా మాది. డేవిడ్‌కు ఇంగ్లీషు వచ్చు, పుస్తకమూ వాడిదే కాబట్టి కథ నడిపేది వాడు. మల్లేశ్ ఆ గుహలకు నక్షాలు గీసేవాడు. ఒక్కో గది, ఒక్కో మెట్టు, గోడ మీద పాకే తేలుతో సహా. వాడి చేతిలో బొగ్గుముక్క పెట్టినా అది గీతై కూర్చునేది.

ఆటకంటే ముందు మనిషిని పుట్టించాలి. బలం, చురుకు, ఓర్పు, తెలివి, ఇంగితం, మాటనేర్పు అని ఆరు గుణాలు. ఒక్కో గుణానికి ఒక అంకె. పుస్తకంలో దీనికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో మూడు పాచికలు కలిపి వేయాలి, వచ్చిన మొత్తాన్ని వరుసగా రాసుకోవాలి. మొదట పడ్డది బలం, రెండోది చురుకు, అలా ఆరుసార్లు. మార్చుకోవడం ఉండదు. రెండో దారిలో పాచికలే అక్కర్లేదు. ఇన్ని పాయింట్లని అందరికీ సమానంగా ఇస్తారు, ఎవరికి కావలసిన చోట వాళ్ళు పోసుకోవచ్చు. డేవిడ్ ఈ రెండూ చదివి వినిపించిన రోజే మా అన్నదమ్ములకు పేచీ మొదలైంది. నేను రెండో దారి వదిలేది లేదన్నాను. ఇంట్లో చీటీలతో విసిగిపోయి ఉన్నాను. తిండి ఏరుకోలేదు, బట్ట ఏరుకోలేదు, కనీసం ఉత్తుత్తి మనిషినైనా నాకు నచ్చినట్టు చేసుకోనివ్వరా అని నా ఉక్రోషం. మల్లేశ్ పట్టిన పట్టు విడవలేదు.

"పడ్డది పడ్డట్టె రాయాలె అన్నా. నువ్వు ఏరుకుంటె ఇంక వాడు కొత్తోడెట్లయితడు? నీ లెక్కనే ఉంటడు."

"ఉంటె ఏంది? నాకు బలమున్నోడు గావాలె."

"నాకు ఎవ్వడొస్తడో సూడాలని ఉంటది. పాచికలు ఏసేటప్పుడు ఇంటికి సుట్టమొస్తుండు అన్నట్టుంటది నాకు."

కట్టలో పైనున్న కార్డు ఆ సుట్టానిదే. రాజలింగం. కార్డు వెనక మల్లేశ్ గుండ్రటి రాత, మూలన పసుపు. బలం నాలుగు. చురుకు ఏడు. ఓర్పు తొమ్మిది. తెలివి అయిదు. ఇంగితం పది. మాటనేర్పు పదిహేడు. పద్దెనిమిదికి మించి పడని ఆటలో బలం నాలుగంటే కత్తి ఎత్తలేడు, కనీసం డాలైనా మోయలేడు. నేనూ డేవిడూ పడీపడీ నవ్వాం. ఇంకోసారి వేసుకోమని డేవిడ్ జాలిపడి చెప్పాడు కూడా. మల్లేశ్ ఆ అంకెల వైపు చాలాసేపు చూసి, "ఈయన పెండ్లిళ్ళల్ల వడ్డించేటోడు" అన్నాడు. "బలం లేదు, చదువు రాదు. కానీ ఈయన వడ్డిస్తే కడుపు నిండినోడు గూడ ఇంకో బుక్క తింటడు. గట్ల మాట్లాడుతడు." అలా మా సాహసయాత్రలో ఒక వడ్డన మనిషి చేరాడు. నా మనిషి పేరు రణధీరుడు. బలం పద్దెనిమిది, చురుకు పదహారు, మిగిలినవి ఏవో. రణధీరుడు ప్రతి గుహలోకీ కత్తి దూసి దూకేవాడు. రాజలింగం వెనకనుంచి వచ్చి, కాపలా రాక్షసుణ్ణి "అన్నం తిన్నవా భాయ్?" అని పలకరించేవాడు. డేవిడ్ పాచికలు వేసేవాడు, పదిహేడు మాటనేర్పు ముందు రాక్షసుడు మెత్తబడేవాడు. చాలాసార్లు మేం ప్రాణాలతో బయటపడింది ఆ పలకరింపు వల్లే.

రణధీరుడు చచ్చిపోతే నేను రణజిత్తును చేసుకున్నాను. వాడు పోతే రణభీముణ్ణి. పేరు తప్ప ఏమీ మారేది కాదు, కొన్నిసార్లు కార్డు కూడా పాతదే, పేరు కొట్టేసి పైన రాసేవాణ్ణి. రాజలింగం మాత్రం ఒక్కడే. ఒక వర్షాకాలం మధ్యాహ్నం, బోనాల ముందు రోజుల్లో, మా అమ్మ వేపాకు తోరణాలు కడుతుండగా ఇక్కడే వాడు పోయాడు. పాముల గోతిలో పడ్డ నా రణభీముడికి తాడు అందించబోయి, బలం నాలుగు కాబట్టి తానే లోపల పడ్డాడు. మల్లేశ్ ఏడ్చాడు. పదిహేడేళ్ళవాడు వెక్కివెక్కి ఏడ్చాడు. నేను విసుక్కున్నాను. "ముందుగాలనే బలం ఏరుకుంటె బతికేటోడు గదరా" అన్నాను. వాడు ముక్కు చీదుకుని, "బలముంటె గాయన రాజలింగమే కాడు అన్నా" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు పిచ్చిమాటలా అనిపించింది. తర్వాత నేను నవలలు రాశాను. నా పాత్రలన్నీ ఒకే మనిషని, ఆ మనిషి నేనేనని ఒక విమర్శకుడు రాస్తే నెలరోజులు అన్నం సహించలేదు. కోపం వచ్చింది అతని మీద కాదు, మా తమ్ముడి మీద. ముందే చెప్పాడు కదా వెధవ అని.

ఆ మరుసటి ఏడాది ఎండాకాలంలో మా ఇద్దరికీ ఒకేసారి సీట్లు వచ్చాయి. నాకు వేరే ఊళ్ళో తెలుగు ఎమ్మే. వాడికి బొమ్మలు నేర్పే కాలేజీలో. బాపుకు అప్పటికి హారతి పళ్ళెం తడుముకోవాల్సి వచ్చేది. ఇద్దరిలో ఒకడు నిలబడకపోతే గుడి దాయాదులకు పోతుంది. మూడు రోజులు ఇంట్లో అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుపోయారు. నాలుగో రోజు నాయనమ్మ తన మామూలు మాట అంది. తల్లిని అడుగుదాం. రెండు చీటీల మీద రెండు పేర్లు, ఎవడి పేరు వస్తే వాడు గుడికి. రాత బాగుంటుందని రాసే పని నాకే అప్పగించింది.

లోపలి గదిలో తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాను. మొదటి చీటీ మీద మల్లేశ్ అని రాశాను. రెండోదాని మీద నా పేరు రాయబోయాను. వంటింట్లోంచి మా అమ్మ కొబ్బరి తురుముతున్న చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు నా బతుకంతా వినాల్సి వస్తుందేమో అనిపించింది. సగం అవకాశం ఉంది, తెలుసు. పుస్తకంలో రెండో దారి ఉన్నట్టే ఇక్కడా ఉంటే బాగుండేదనుకున్నాను. ఉంది. రెండోదాని మీద కూడా మల్లేశ్ అనే రాశాను. రాత ఎప్పటిలాగే చక్కగా వచ్చింది.

పక్కింటి పాప వచ్చి ఒక చీటీ తీసింది. బాపు దాన్ని తడుముకుని, చూపు ఆనక, మల్లేశ్ చేతికే ఇచ్చాడు. తన పేరు తానే పైకి చదివాడు వాడు. నేను వాడి మొహం చూడలేక అమ్మవారి వైపు చూశాను. అటు కూడా ఎక్కువసేపు చూడలేకపోయాను. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "పడ్డది పడ్డట్టె అన్నా. ఫికర్ జెయ్యకు, నువ్వు పోయి మంచిగ సదువుకో" అన్నాడు. నన్ను ఓదార్చాడు వాడు! నిర్మాల్యం నేనే తీసుకుపోతానని తొందరపడి సైకిలెక్కాను. పురానాపూల్ మీద ఆగి, నీళ్ళలో పడ్డాక మడత విడిపోతుందేమోనని భయపడి, ఆ రెండో చీటీని చింపి, ముక్కలను మళ్ళీ చింపి పూలతో పాటు కిందికి వదిలాను. అప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. సంతోషం. ఇది దాచి ఏం లాభం, చెప్పడానికే కదా కూర్చున్నాను.

ఉద్యోగం వచ్చి, పేరు వచ్చి, నడివయసు వచ్చాక నిద్రలో ఉలిక్కిపడడం మొదలైంది. ఒక పండక్కి వచ్చినప్పుడు మల్లేశ్‌తో అన్నాను. రెండేళ్ళు దాయాదులకు అప్పగించి బొమ్మలు నేర్చుకోరా, నేను అన్నీ చూసుకుంటాను అని. వాడు గర్భగుడి గడప కడుగుతున్నాడు. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంచుకుని నవ్వాడు.

"తల్లి ఏరుకున్నంక నేనెట్ల పోత అన్నా? నీకు తెల్వది. ఆ దినం చీటీల నా పేరు సదివినప్పుడు పానమంత ఝల్లుమన్నది. నాకు బలం లేదు, పెద్ద తెలివి లేదు. అయినా గంత పెద్ద తల్లి నన్నే పిలిచె. గది యాదికొస్తె ఏ కష్టం కష్టమనిపియ్యది నాకు."

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. చెబితే వాడి ఇరవై ఏళ్ళ పూజనూ నా చేత్తో నేనే చింపినట్టవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం భయం. వాడు నన్ను చూసే చూపు మారిపోతుందని భయం. అలా ఆ చూపును కాపాడుకుంటూ వచ్చాను, రెండు వారాల కిందటి వరకు. ఆ ఉదయం మల్లేశ్ హారతి ఇచ్చి వచ్చి, ఇదే వసారాలో నడుం వాల్చి, ఇక లేవలేదట. నేను వచ్చేసరికి మొహానికి పసుపు రాసి ఉంచారు. చెప్పడానికి చెవులే లేవు.

శ్రావణికి కూడా ఈ ఆట వచ్చు, వాళ్ళ నాన్న నేర్పాడు. మొన్న మాటల్లో చెప్పింది. మలక్‌పేటలో దాని స్నేహితులు ఒక కాఫీ దుకాణంలో కూడి ఆడతారట. ఇప్పుడు అందరూ మనిషిని ఇంటి దగ్గరే ఫోన్లో తయారుచేసుకుని వస్తారట. ముక్కు, కన్ను, జుట్టు రంగు, చిన్ననాటి దుఃఖం, అన్నీ ఏరుకుని. "నేనొక్కదాన్నే పాచికలేస్త పెద్దబాపూ. వాళ్ళు నవ్వుతరు. డాడీ నేర్పిండు గదా, పడ్డది పడ్డట్టె," అంది. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. వాళ్ళు ఏరుకునేది తమ మనిషిని. నేను నా తమ్ముడి కార్డు నింపినవాణ్ణి. పాచికలు పడ్డాయని వాణ్ణి నమ్మించినవాణ్ణి.

మూడున్నరకు సుజాత చాయ్ తెచ్చింది. తెల్లకాగితం తెల్లగానే ఉండడం చూసి, "రాయలేదా బావా?" అంది. చెప్పేశాను. లోపలి గది, రెండు చీటీలు, రెండింటి మీద ఒకటే పేరు, పురానాపూల్. ఎక్కడా ఆగకుండా, ఆమె వైపు చూడకుండా చెప్పాను. ఈ పిల్లకు కూడా అలా కాకూడదని చెబుతున్నానని కూడా అన్నాను. సుజాత మెల్లగా కింద కూర్చుంది. చాయ్ మీద మీగడ కట్టింది.

"రెండిట్ల ఆయన పేరేనా?"

"రెండిట్ల."

"ఆయనకు ఎరుకేనా?"

"లేదమ్మా. చివరిదాంక ఎరుక లేదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, నిజంగా అర్థం కాని విషయం అడిగినట్టు అడిగింది. "మీరు అడుగుతె ఆయనే ఇచ్చేటోడు గదా బావా. తమ్మీ, నేను పోత, నువ్వుండవా అంటె సంతోషంగ ఉండేటోడు. గా ఒక్కమాట అడుగబుద్ధి కాలేదా మీకు?"

నేను కార్డుల కట్టకు మళ్ళీ దారం చుట్టసాగాను.

"నేను గూడ నమ్మిన," అంది సుజాత. "మస్తు కష్టమొచ్చిన నాడు గూడ, తల్లి ఏరుకున్న మనిషి ఇంట్ల ఉన్ననని ధైర్యం తెచ్చుకున్న. మీరు చెప్పుకున్నరు, మీ బరువు దిగింది. నేను రేపు పొద్దున తల్లి ముందట ఏమని నిలవడాలె?"

బరువు దిగలేదని చెప్పబోయాను. అది కూడా నా గురించే కదా అని ఊరుకున్నాను. ఆమె లేచి, పెన్ను పక్కన పెట్టి, కాగితాన్ని మడిచి చాయ్ కప్పు కింద పెట్టింది. లోపలికి తిరిగి "శ్రావణీ" అని పిలిచింది. పిల్ల సాయంత్రం పూజకు బంతిపూలు గుచ్చుతూ, సూది చేతిలో పట్టుకునే వచ్చింది.

"చీటీలు ఏస్తలేం బిడ్డా," అంది సుజాత. "నీకేం గావాలె?"

శ్రావణి నా వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "నన్నా అడుగుతున్నవు?" అంది.

"నిన్నే."

పిల్ల తల్లి పక్కన కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఏ జవాబు చెప్పాలన్నా ముందు ఆ ఏడుపు తీరాలి కాబట్టి సుజాత దాని వీపు నిమురుతూ కూర్చుంది. నాలుగు దాటింది. గుడి ముందు ఎవరో వచ్చి తలుపు ఇంకా తీయలేదేమని పిలుస్తున్నారు. సుజాత లేవలేదు, పిల్లను తొందరపెట్టలేదు. నీకేం కావాలె అని అడగడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. ఈ వసారాలో, మా మల్లేశ్ పక్కన, నేను పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను. ఒక్కసారి కూడా వాణ్ణి అడగలేదు.